న్యాయమునకు మొదటి పాదము



నేటి కాలమున దేశవిదేశముల విశ్వవిద్యాలయములలో రెండు శాస్త్రములను జతగా చదువుకొను వీలు కలిగినది. అందొకటి మనుష్యుని మాట మఱియొకనికి ఏ విధముగ చేరునో, నడుమ నెచ్చట చెడునో, పత్రికలును రేడియోయు ఆ మాటను ఏ రీతిగ మోయునో విచారించు శాస్త్రము. దానిని సమాచార శాస్త్రమందురు. రెండవది నేరమెట్లు పుట్టునో, పోలీసువారు దానినెట్లు శోధింపవలెనో, న్యాయస్థానమెట్లు విచారింపవలెనో, చెఱసాల యెట్లుండవలెనో తెలుపునది. దానికి నేరన్యాయ శాస్త్రమని పేరు. మనుమడో మనుమరాలో ఈ రెండింటిని కలిపి చదివెదనని చెప్పినపుడు ఇంటిలోని పెద్దలు విస్తుపోవుట సహజము. మాటలకును జైలుకును సంబంధమేమి, డాక్టరు చదువో ఇంజనీరు చదువో చదువరాదా యని వారడుగుదురు.

ఆ ప్రశ్నకు మన కడప, కర్నూలు సీమల చరిత్రమే సమాధానము చెప్పుచున్నది. ఈ రెండు విద్యలును క్రొత్తగ జతపడినవి కావు. మొదటినుండియు అవి కవలపిల్లలు. ఎచ్చట బీదవాని మాట చెప్పినది చెప్పినట్లు దొరచెవికి చేరినదో అచ్చట న్యాయమునకు ఆస్కారము కలిగినది; ఎచ్చట ఆ మాట దారిలో చెడినదో అచ్చట న్యాయము చెడినది. ఈ యొక్క విషయమును మీకు మనవి చేయుటకే ఈ ప్రసంగము.

మన ధర్మశాస్త్రములయందు వివాదమును విచారించి తీర్చుటకు వ్యవహారమని పేరు. వ్యవహారమునకు నాలుగు పాదములు కలవు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు వానిని చక్కగ వివరించెను. ఈతడు కల్యాణి రాజధానిగ 1076 మొదలు 1126 వఱకు ఏలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమువాడు. ఫిర్యాది తన గోడు చెప్పుకొనుట మొదటి పాదము. ప్రతివాది బదులు చెప్పుట రెండవది, దానికి ఉత్తరపాదమని పేరు. సాక్ష్యము చూపుట మూడవది, అది క్రియాపాదము. నిర్ణయము నాలుగవది, అది సాధ్యసిద్ధిపాదము. ఇక మొదటిదానికేమి పేరు పెట్టిరో వినుడు. దానిపేరు భాషాపాదము. న్యాయమను నాలుగుకాళ్ల జీవము నేలపై ముందుగ మోపు కాలు భాషయే అన్నమాట.

అంతతో స్మృతికారుడు ఊరకుండలేదు. అర్థి యే విధముగ విన్నవించెనో ఆ విధముగనే, ప్రత్యర్థి యెదుటనే, దానిని వ్రాయవలెనని నియమించెను. సంవత్సరము, మాసము, పక్షము, దినము, పేరు మొదలగు గుర్తులన్నియు అందు చేర్చవలెనని చెప్పెను. చెప్పినది చెప్పినట్లు వ్రాయుట, ఎదిరివాడు వినుచుండగ వ్రాయుట, దినము వేసి వ్రాయుట. ఈ మూడు నియమములను నేటి న్యాయవాది యెవ్వడైనను తలయూచి యొప్పుకొనును.

మన తెలుగువారు ఈ శాస్త్రమును సంస్కృతమునందే దాచియుంచలేదు. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన యను కవి, మితాక్షరను ఆధారముగ చేసికొని, విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో రచించెను. ఆ కేతనయే ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును గూడ రచించెను. తెలుగునకు తెలుగులో వ్రాయబడిన వ్యాకరణములలో మనకు దొరకుచున్న మొదటిది అదియే. ఒక్క చేయి వ్యాకరణము వ్రాసినది. ఆ చేయియే ధర్మశాస్త్రము వ్రాసినది. మాటను సరిగ పలుకు విద్యయు, తగవును సరిగ తీర్చు విద్యయు ఒకే పండితుని ఇంట పెరిగినవని దీనివలన తెలియుచున్నది. కావున ఈ రెండింటిని కలిపి చదువు విద్యార్థి పరదేశపు వింతను చదువుటలేదు. కేతన త్రోవను నడచుచున్నాడు.

తరువాతి కాలమున మన సీమ పలు చేతులు మాఱినది. 1565 యుద్ధముతో విజయనగరము కూలిన పిదప గోలకొండవారు, కడప కర్నూలు నవాబులు, మైసూరువారు, హైదరాబాదు నిజాము ఒకరి వెనుక నొకరుగ ఏలిరి. కచ్చేరిలో పారసీభాష పాదుకొన్నది. ఫిర్యాదు, అర్జీ, దావా, వకీలు, జామీను, వాయిదా, రుజువు, నకలు, హాజరు, జప్తు, ఖైదు అను మాటలన్నియు ఆ దారినే మన నోట చేరినవి. ఇప్పుడవి మన మాటలే. వానిని వెలివేయ నవసరములేదు. అయినను వానిలో ఒకటి రెండింటి కథ విచారింపదగినది. ముద్దాయి యనగా మనకు నేరము మోపబడినవాడు. అరబీ పారసీలలో ముద్దయీ యనిన దావా వేసినవాడని యర్థము! ఎదిరిపక్షమువానికి వేఱొక పొడుగు పేరుండెను. ఆ పొడుగు పేరు మన నోట తఱిగి తఱిగి ముద్దాయిగ నిలిచినది. రాజీనామా యనగా పూర్వము వాది ప్రతివాదులు సమాధానపడి వ్రాసి యిచ్చు పత్రము. నేడు ఉద్యోగము వదలుకొను పత్రమైనది. కచ్చేరి భాష తెలియని రైతు తాను వాదియో ప్రతివాదియో గూడ ఎఱుగక నిలుచుండిన దినములుండెనని ఈ మాటల చరిత్ర వలన ఊహింపవచ్చును.

పరభాషయొక్కటే ఈ చిక్కునకు కారణమని తలపరాదు. తెలుగునుండి తెలుగునకు వ్రాయుటలోను మాట చెడును. బడిపంతులుగ నుండిన దినములలో నాచేత అర్జీలు వ్రాయించుకొనుటకు ఊరివారు వచ్చుచుండిరి. ఒక గొఱ్ఱెలకాపరి "నా గొఱ్ఱెలు పోయినవి" అని చెప్పెననుకొనుడు. మన సీమలో పోయినవి యనిన దొంగలెత్తుకొని పోయినవని కావచ్చును, తప్పిపోయినవని కావచ్చును, రోగము తగిలి చచ్చినవని కావచ్చును. వ్రాయువాడు మఱియొక ప్రశ్న వేయక "తప్పిపోయినవి" అని వ్రాసెనా, దొంగతనము మాయమైనది, నేరము మాయమైనది, నేరస్థుడు మాయమైనాడు. ఒక్క క్రియాపదముతో ఒక కుటుంబపు జీవనాధారము చీకటిలో కలసిపోవును. అందుచేతనే స్మృతికారుడు చెప్పినది చెప్పినట్లని అంత గట్టిగ శాసించెను.

ఇక కుంఫిణీవారి కాలమునకు వత్తము. 1800 సంవత్సరము అక్టోబరు నెలలో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంఫిణీకి దత్తము చేసెను. కర్నూలు నవాబు సంస్థానము మాత్రము 1839 వఱకు వేఱుగ నిలిచియుండెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ వచ్చిన తామస్ మన్రో 1807 వఱకు ఊరూర గుడారములు వేసికొని తిరిగి రైతులతో మాటాడెను. ఆ సమయముననే, 1802లో, వంగదేశపు పద్ధతిని అనుసరించి చెన్నపట్టణపు ప్రభుత్వము జిల్లా న్యాయస్థానములను ఏర్పఱచెను. ఆ పద్ధతిలో న్యాయాధికారి దూరమున నుండెను. భాష దూరమున నుండెను. ఖర్చు మాత్రము దగ్గఱగ నుండెను. నేర విచారణలలో మహమ్మదీయ ధర్మశాస్త్రమును చెప్పు అధికారి ఫత్వా యిచ్చుచుండెను. ఆ శాస్త్రము ఎంత గొప్పదైనను, దాని భాష రెడ్డికిని తెలియదు, మాలకును తెలియదు, ఊరి తురకకు గూడ తెలియదు.

ఈ కోర్టులు జనుల అలవాటులకు సరిపడలేదని మన్రో గట్టిగ వాదించెను. 1814లో న్యాయవిచారణ సంఘమునకు అధ్యక్షుడై మరల వచ్చి, 1816లో క్రొత్త నిబంధనలను పుట్టించెను. వానివలన గ్రామ మునసబునకు పదిరూపాయల వఱకు చిన్నదావాలను విను అధికారము వచ్చెను. గ్రామపంచాయతీలకు గుర్తింపు కలిగెను. పోలీసు అధికారము కలెక్టరు చేతిలోనికి వచ్చెను. ఊరి తగవు ఊరి భాషలో, ఊరి రచ్చకట్టపై తీరవలెనన్నది ఆయన యాశయము. 1820లో ఆయన గవర్నరై, 1827 జూలైలో మన కర్నూలుసీమలోని పత్తికొండలో కలరా తగిలి మృతినొందెను.

దూరపు భాషలో జరుగు విచారణ అన్యాయమైనచో, దగ్గఱి భాషలో జరుగునది న్యాయమేయగునా? ఈ విషయమున నిజము దాచరాదు. ఆ 1816 నిబంధనలే చిన్న నేరములకు ఊరిపెద్ద శిక్ష విధింపవచ్చుననుచు, తక్కువ కులములవారని యెంచబడినవారిని మాత్రము బొండకొయ్యలో వేయింపవచ్చునని చెప్పినవి. నేరమొకటి, మాట యొకటి, భాష యొకటి. శిక్ష మాత్రము కులమును చూచి మాఱెను. అంతేకాదు, ఊరిమునసబు వాది భాష నెఱిగినట్లే వాది కక్షలను గూడ ఎఱుగును. ఒక్కొక్కప్పుడు తానే ఆ కక్షలో పాలివాడై యుండును. భాష దగ్గఱగ నుండుట యొక్కటియే చాలదు. వినువాని మనస్సు నిష్పక్షపాతముగ నుండవలెను. అందుచేతనే మొదటి శాస్త్రమునకు రెండవ శాస్త్రము తోడు కావలసియున్నది. ఆ గ్రామ మునసబు, కరణముల పదవులు మన రాష్ట్రమున 1984లో రద్దగువఱకు సాగినవని మీలో పలువురు ఎఱుగుదురు.

1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోటకు చెందిన కాలేజీని స్థాపించిరి. దానికి పూనుకొన్నవారిలో ఎల్లిస్ దొర ముఖ్యుడు. సీమనుండి వచ్చిన యువకులైన ఇంగ్లీషు ఉద్యోగులకు అచ్చట తెలుగు, అరవము మొదలగు భాషలు నేర్పుచుండిరి. ఆ కాలేజీలోనే, కోర్టులలో వకీళ్లుగను, ధర్మశాస్త్రాధికారులుగను పనిచేయుటకై మన దేశీయులకు హిందూ, మహమ్మదీయ ధర్మశాస్త్రములను బోధించుచుండిరి. ఒకే కప్పుక్రింద భాషయు, ధర్మమును! నేటి విశ్వవిద్యాలయపు జత చదువునకు దక్షిణదేశమున ఇంతకంటె దగ్గఱి పూర్వరూపము మఱియొకటి నాకు తోచదు.

ఆ కాలేజీలో చదివిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడప కలెక్టరు హాన్బరీ క్రింద సహాయకుడుగ వచ్చెను. హాన్బరీ తెలుగు చక్కగ మాటాడగలవాడు. బ్రౌను ఆయనను చూచి తానును నేర్చుకొనెను. పిమ్మట రెవెన్యూలోను, న్యాయశాఖలోను ఉద్యోగములు చేసెను. కడపలో బంగళా కొని, తన సొంత ఖర్చుతో పండితులను పోషించి, మన కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. ఇంతవఱకు పలువురెఱిగినదే. పలువురెఱుగని సంగతి యొకటున్నది. ఆయన ఆ 1852లోనే జిల్లా నిఘంటువను పేర, కచ్చేరి వ్యవహారములలో వాడుక మాటలకు అర్థములు చెప్పు గ్రంథమును గూడ ప్రకటించెను. ఊరి తగవులను గూర్చిన వాదోపవాదములను, జనులు మాటాడు తెలుగులోనే, ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. కావ్యమును ప్రేమించినవాడే కచ్చేరి మాటను గూడ ప్రేమించెను. బీదవాడు కోర్టులో అవధానపద్యము చదువడనియు, తన యింటి మాటలోనే ఏడ్చుననియు ఆయన ఎఱుగును.

భాషలు రెండింటి నడుమ నిలిచిన మనవారును కలరు. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు, అనగా ఒకరి మాటను మఱియొకరికి తెలియజెప్పు ఉద్యోగి. ఈయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగ మన సీమను దాటిపోయెను. దారిలో చూచినదెల్ల ఏ దినమునకు ఆ దినము వ్రాసిపెట్టెను. అది కాశీయాత్ర చరిత్రయను పేర 1838లో అచ్చయినది. కోర్టులో పరుల మాటను పొల్లుపోక చెప్పుటకు అలవాటుపడినవాడు గావుననే ఆయన గ్రంథమున చూచినది చూచినట్లున్నది.

మాట వినబడనపుడు ఏమి జరుగునో చూపుటకు కోవెలకుంట్ల కథ యొకటి చాలును. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాతపాళెగాండ్ర వంశమువాడు. ఆయనకు వచ్చుచుండిన పింఛను స్వల్పము. వంశమువారికి రావలసినది నిలిచిపోయినది. కట్టుబడివాండ్రు తరతరములుగ అనుభవించుచుండిన మాన్యములను కుంఫిణీవారు తిరిగి తీసికొనిరి. వారి మొఱను ఆలకించినవారు లేరైరి. 1846 జూలైలో నరసింహారెడ్డి తన వారితో కోవెలకుంట్ల ఖజానాపై పడెను. ఆ అక్టోబరులో పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదిన కోవెలకుంట్లలో, వేలకొలది జనులు చూచుచుండగ ఆయనను ఉరితీసిరి. ఆ తలను కోటబురుజుపై చాలకాలము వ్రేలాడనిచ్చిరి.

ఇందు ఆలోచింపవలసినది కలదు. ఆ వ్రేలాడు తలయు ఒక ప్రకటనయే, ప్రభుత్వము ప్రజలతో మాటాడిన మాటయే. భయపడుడని ఆ మాటకర్థము. కాని జనులు దానికి వేఱుగ బదులు చెప్పిరి. వీథులలో, జాతరలలో, పొలములలో ఆయన కథను పాటకట్టి పాడుకొనిరి. ప్రభుత్వపు ప్రకటన వానకు ఎండకు రాలిపోయినది, పాట నిలిచినది. ప్రజల మొఱను మొదటనే భాషాపాదమున వినియుండినచో, ఆ ఉరికొయ్యకు అవసరమే కలుగకపోయెడిదేమో!

ఆ కాలమున పన్ను వసూలు చేయుటయు, నేరము పట్టుటయు ఒకే చేతిలో నుండెను. పన్ను కట్టలేనివానిని, నేరమొప్పుకొననివానిని ఎండలో నిలబెట్టుట, వంగదీసి వీపున బండ నెత్తుట, వ్రేళ్లకు కిట్టిపెట్టి నొక్కుట మొదలగు క్రూరకృత్యములు జరుగుచుండెను. రైతు ఈ బాధలను ఎవరితో చెప్పుకొనగలడు? చెప్పవలసినది బాధించినవానితోనే! గాజుల లక్ష్మీనరసు సెట్టియను తెలుగువర్తకుడు చెన్నపట్టణమున 1844లో క్రెసెంటు అను ఇంగ్లీషు పత్రికను నెలకొల్పెను. 1852లో మద్రాసు దేశీయ సంఘమును స్థాపించెను. మఱుసటి యేడు ఇంగ్లండు పార్లమెంటు సభ్యుడైన డాన్బీ సేమూరు రాగా, ఆయనకు రైతుల బాధలను ప్రత్యక్షముగ చూపించెను. 1854లో పార్లమెంటులో ఆ మాట మ్రోగెను. ఆ యేడే చిత్రహింసల విచారణకై ఒక సంఘమును నియమించిరి. ఎలియట్, స్టోక్సు, నార్టను అను మువ్వురు అందు సభ్యులు. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని ప్రకటనలు పంపబడెను. రాజధాని నలుమూలలనుండి జనులు అర్జీలు పంపిరి, కొందఱు కాలినడకన వచ్చిరి. 1855లో ఆ సంఘము, హింస జరుగుచుండుట నిజమేయని తేల్చెను.

దాని ఫలముగ 1859లో మద్రాసు పోలీసు చట్టము పుట్టి, పోలీసు శాఖ రెవెన్యూ శాఖనుండి వేఱుపడినది. 1860లో శిక్షాస్మృతి, 1861లో నేరవిచారణ స్మృతి వచ్చినవి. పోలీసు అధికారియెదుట చేసిన నేరాంగీకారమును సాక్ష్యముగ చెల్లనీయరాదని 1861లో పుట్టిన నియమము 1872 సాక్ష్యచట్టమున స్థిరపడినది. 2024 జూలై 1వ తేదినుండి ఆ పాతచట్టముల స్థానమున భారతీయ న్యాయ సంహిత మొదలగు క్రొత్తచట్టములు అమలులోనికి వచ్చినను, ఈ నియమము మాత్రము నిలిచియున్నది. నిర్బంధమున పలికించిన మాట మాట కాదని ఆ నియమమునకు తాత్పర్యము. ఒక వర్తకుని పత్రికయు, రైతుల అర్జీలును కలసి ఒక దేశపు దండనీతిని కదలించినవి. ఈ రెండు శాస్త్రముల సంబంధమునకు ఇంతకంటె సాక్ష్యమేల?

మన కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ఈ సందర్భమున స్మరింపవలెను. వందేమాతరోద్యమమున పాల్గొన్నందుకు రాజమహేంద్రవరపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి ఆయనను వెడలగొట్టిరి. పిదప బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడపెను. 1908లో, తిరునల్వేలి కాల్పులను ఖండించిన వ్యాసమునకై రాజద్రోహనేరము మోపబడి, మూడేండ్లు కఠినశిక్ష పొందెను. కలము పట్టినందుకు కాళ్లకు సంకెలలు పడినవి. విడుదలయైన పిదప ఆయన పగతో కాలము గడుపలేదు. గ్రంథాలయములకును, వయోజనవిద్యకును తన జీవితము నర్పించి, 1960లో పరమపదించెను. చదువురానివానికి న్యాయము దక్కదని చెఱసాల ఆయనకు నేర్పియుండును.

ఇంకొక దుఃఖకరమైన యధ్యాయమును విడువరాదు. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరజాతుల చట్టము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసినది. మన కర్నూలు జిల్లాలోని సిద్ధాపురమున అట్టివారికొక సెటిల్మెంటుండెను. వారు కదలవలెనన్నను అనుమతి పొందవలెను, దినదినము హాజరు చెప్పవలెను. అక్కడ ఫిర్యాదు లేదు, ఉత్తరము లేదు, సాక్ష్యము లేదు, ముందుగనే నిర్ణయమున్నది! నాలుగు పాదములలో మూడింటిని నరికి, చివరి పాదముతో నడువజూచిన చట్టమది. 1952 ఆగస్టు 31న దేశమంతట అది రద్దయినను, ఆ పేరు తగిలించుకొన్న బిడ్డలు ఎంతకాలము తలవంచుకొని నడచిరో మన మెఱుగుదుము. ఒక్క చెడ్డమాట, ప్రభుత్వపు నోట వచ్చినచో, తరతరములను చెఱలో నుంచును.

ఇక ఈ విద్య పరదేశములలో ఎట్లు పెరిగినదో రెండు మాటలు. ఆస్ట్రియా దేశమున గ్రాజు విశ్వవిద్యాలయమున హాన్స్ గ్రాస్ అను న్యాయవేత్త 1912లో నేరపరిశోధన శాస్త్రమునకు ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయమున 1908లోనే పత్రికారచనకు పాఠశాల వెలసినది. మన దేశమున 1959లో సాగరు విశ్వవిద్యాలయమున నేరశాస్త్రశాఖ పుట్టినది. తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో పత్రికారచనాశాఖ ఏర్పడినది. ఆ యేడే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి, మన సీమకు ఉన్నతవిద్యను దగ్గఱచేసినది. 2006లో కడపయందు యోగివేమన విశ్వవిద్యాలయము, 2008లో కర్నూలునందు రాయలసీమ విశ్వవిద్యాలయము స్థాపింపబడినవి. బ్రౌను బంగళా యుండిన చోటనే కడపలో ఆయన స్మారకముగ గ్రంథాలయము, భాషా పరిశోధన కేంద్రము వెలసినవి. అందుకు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పడిన శ్రమ మఱువరానిది. ఆ కేంద్రము యోగివేమన విశ్వవిద్యాలయమున చేరియున్నది.

కర్నూలు దగ్గఱి పెద్దపాడున 1921లో ఒక పేద దళితకుటుంబమున దామోదరం సంజీవయ్యగారు జన్మించిరి. అనంతపురమున కళాశాల విద్య ముగించి, చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదివి, 1960లో ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి యైరి. విశాఖపట్టణపు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము నేడు ఆయన పేర నున్నది. 1816 నిబంధనలు ఏ జనులను బొండకొయ్యకు అప్పగించినవో ఆ జనులలోని బిడ్డ పేర నేడు ధర్మశాస్త్రము చదువుచున్నారు. ఇది చరిత్ర తనంతట తిరుగుట కాదు, చదువు త్రిప్పినది.

ఇట్టి చదువు మన గ్రామములకు ఏమి చేయగలదు? చట్టము ప్రకారము నేరమును గూర్చి నోటితో చెప్పిన సమాచారమును పోలీసువారు వ్రాసి, చెప్పినవానికి చదివి వినిపించి, సంతకము చేయించుకొని, నకలు ఉచితముగ నీయవలెను. సరిహద్దు మాదికాదని త్రిప్పిపంపరాదు. పట్టుకొన్నవానికి ఏల పట్టుకొనిరో తెలుపవలెనని మన రాజ్యాంగము 22వ అధికరణమున ఆజ్ఞాపించినది. బీదవానికి న్యాయసహాయము ఉచితముగ నీయవలెనని 39ఎ అధికరణము చెప్పుచున్నది. సోదా చేయునపుడు చిత్రమును ధ్వనిని యంత్రమున పట్టవలెనని క్రొత్తచట్టము. చట్టము చక్కగనే యున్నది. కాని చదివి వినిపించువాడు గొణిగినచో, వినువాడు సిగ్గుపడి అడుగకున్నచో, యంత్రమున పట్టిన మన సీమ నుడికారము పైకోర్టువారి ఇంగ్లీషులోనికి మాఱునపుడు వంకరపోయినచో, ఆ చట్టమేమి చేయును? ఆ సందులలో నిలువదగినవాడు, నిలువదగినది, ఈ రెండు శాస్త్రములు చదివిన మన బిడ్డయే.

మన సీమకు ప్రత్యేకమైన వ్యాధి యొకటున్నది. ముఠాకక్షలలో హత్య జరుగును, పదిమంది చూతురు, కోర్టులో పదిమందియు తాము చూడలేదందురు. సాక్షి యనగా కన్నులార చూచినవాడని యర్థము. చూచినవాడు చూడలేదనినపుడు క్రియాపాదము విఱుగును, తల్లికి కొడుకు రాడు, న్యాయము రాదు, మఱుసటి యేడు ఎదిరివారి ఇంట ఇంకొక శవము లేచును. సాక్షుల పిఱికితనమునే నిందించి ప్రయోజనములేదు. వారికి రక్షణ కావలెను. 2018లో సుప్రీంకోర్టు సాక్షిరక్షణ పథకమును ఆమోదించి, దేశమంతట అమలు జరుపవలెనని ఆజ్ఞాపించినది. ఆ పథకము ఉన్నదని ఊరిలో ఎందఱికి తెలియును? తెలియజేయుటయే సమాచారవిద్య, కాపాడుటయే న్యాయవిద్య. ఒకటి లేనిదే రెండవది కుంటుచున్నది.

కడపట ఒక్క సంగతి. పారసీ తెలియక మన తాతలు కచ్చేరిలో బిక్కమొగము వేసిరి. ఇంగ్లీషు తెలియక మన తండ్రులు ఆ విధముగనే నిలిచిరి. కావున తెలుగు వినబడవలెనని మనము కోరుట న్యాయమే. అయితే నల్లమలలోని చెంచును, తాండాలోని లంబాడీ ఆడబిడ్డయు, ఎఱుకలవాడును మన తెలుగు కచ్చేరి యెదుట ఏ విధముగ నిలుచుచున్నారో మన మాలోచించితిమా? వారి యింటిమాట వేఱు. విచారణ తనకు తెలియని భాషలో జరిగినపుడు ముద్దాయికి దానిని తెలియజెప్పవలెనని చట్టమే చెప్పుచున్నది. నిన్న మనము దొరనుండి కోరినదానిని నేడు మనము వారికి ఈయవలసియున్నది. ఊరి రచ్చకట్టపై పెద్దలుగ కూర్చుండు మీరు, కులమును కక్షను ప్రక్కకు నెట్టి, తుదిమాట పలుకుటకు ముందు మొదటిమాట పూర్తిగ విన్నచో, భాషాపాదము మీ గ్రామమున నిలిచినట్లే.

కావున మీ యింటి కుఱ్ఱడుగాని, కుఱ్ఱదిగాని ఈ చదువునకు పోయెదనన్నచో పొమ్మని దీవింపుడు. అన్నిటికంటె ముందు వారికొక్క పాఠము మీరే చెప్పి పంపుడు. ఎవ్వడు ఏమి చెప్పెనో అది చెప్పినది చెప్పినట్లు వినుట, చెప్పినది చెప్పినట్లు వ్రాయుట. తక్కినది విశ్వవిద్యాలయము నేర్పును.

సెలవు.